బోధన్, వేములవాడల నడుమ: ఒక సామంత రాజవంశం, దాని చరిత్రను చదువవలసిన తీరు

ఉపోద్ఘాతం

యెహోషువ గ్రంథం 12వ అధ్యాయం చివర 31 మంది రాజుల పట్టిక ఉన్నది. ఒక్కొక్క పట్టణానికి ఒక్కొక్క రాజు. వారిలో చాలామందిని గూర్చి ఆ పట్టణం పేరు తప్ప వేరే మాట లేదు. సంఘంలో వాక్యపఠనం జరిగేటప్పుడు మనలో అనేకులం ఆ అధ్యాయాన్ని త్వరగా దాటిపోతాము. చిన్న రాజుల పేర్లు మనకు భారంగా తోస్తాయి. దావీదు, సొలొమోను, నెబుకద్నెజరు వంటివారి చరిత్ర నేర్చుకుంటే చాలునని అనుకుంటాము. అయితే సామాన్య ప్రజలు బ్రదికినది ఎక్కువగా ఇటువంటి చిన్న రాజుల నీడలోనే. పన్ను కట్టినది వారికే, యుద్ధానికి వెళ్లినది వారి వెంటనే.

మన నేల విషయంలోనూ ఇదే జరుగుతున్నది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో పరిచర్య చేసే పాస్టర్లకు, అక్కడి నుండి సెమినరీకి వచ్చిన విద్యార్థులకు కాకతీయులు తెలుసు, గోల్కొండ నవాబులు తెలుసు, నిజాములు తెలుసు. కాకతీయులకంటె ముందు ఈ నేలను రెండు వందల ఏండ్లకు పైగా పాలించిన వేములవాడ చాళుక్యుల పేరు తెలిసినవారు తక్కువ. ఈ వ్యాసంలో ఆ వంశాన్ని పరిచయం చేయదలచాము. దానితోబాటు, ఒక చిన్న రాజవంశాన్ని గూర్చి మిగిలిన సాక్ష్యాలను ఏ విధంగా చదవాలి, వాటి విషయంలో మన బాధ్యత ఏమిటి అను ప్రశ్నలను కూడ పరిశీలించదలచాము.

1. రెండు రాజధానుల నడుమ నేల

పటంలో ఎల్లారెడ్డికి ఉత్తరంగా చూస్తే బోధన్ కనబడుతుంది. కామారెడ్డి నుండి తూర్పుగా మాచారెడ్డి, సిరిసిల్లల మీదుగా వెళ్తే వేములవాడ వస్తుంది. వేములవాడ చాళుక్యుల తొలి కేంద్రం బోధన్ అనీ, తరువాతి రాజధాని వేములవాడ అనీ చరిత్రకారులు గుర్తించారు. అంటే నేటి కామారెడ్డి జిల్లా (2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి విడివడి ఏర్పడినది) ఈ రెండు రాజధానుల మధ్య ఉన్న నేల. పడమట మంజీర, తూర్పున మానేరు. ఒక రాజధాని నుండి మరొక రాజధానికి సాగిన ఆ వంశపు ప్రయాణం ఈ నేలకు దూరంగా జరిగినది కాదు.

ప్రాచీన సాక్ష్యాలలో బోధన్ పేరు ‘పోదన’ లేక ‘బోదన’. వేములవాడ పేరు ‘లేంబులపాటక’. ఈ వంశపు రాజులు తమ దేశాన్ని ‘సపాదలక్ష’ అన్నారు. సపాదలక్ష అంటే పావుతో కూడిన లక్ష, అనగా లక్షా ఇరవై అయిదు వేలు. నేడు మన ఇండ్లలో “సవాలక్ష పనులున్నాయి” అన్నప్పుడు వాడే ‘సవాలక్ష’ ఈ మాటే. రాజ్యం పేరులోని సంఖ్యను అక్షరాలా లెక్కగా తీసుకొనవలసిన అవసరం లేదు. రాజు తన రాజ్యం పెద్దదని చెప్పుకొనదలచాడు, అంతే.

2. వంశక్రమం

ఈ వంశాన్ని గూర్చి మనకు తెలిసినది ప్రధానంగా నాలుగు చోట్ల నుండి వచ్చినది. వేములవాడలో దొరికిన రెండవ అరికేసరి సంస్కృత శిలాశాసనం ఒకటి. మహారాష్ట్రలోని పర్భణీలో దొరికిన, క్రీ.శ. 966 నాటి మూడవ అరికేసరి తామ్రశాసనం రెండవది. కన్నడ ఆదికవిగా పేరుపొందిన పంపడు రచించిన ‘విక్రమార్జున విజయం’ మూడవది. కురిక్యాల గుట్టపై పంపని తమ్ముడు చెక్కించిన శాసనం నాలుగవది. నేలటూరి వేంకటరమణయ్య గారు ఈ ఆధారాలను కూర్చి ఈ వంశ చరిత్రను ప్రత్యేక గ్రంథంగా వ్రాశారు.

క్రీ.శ. ఎనిమిదవ శతాబ్ది మధ్యకాలంలో బాదామి చాళుక్యులను తొలగించి రాష్ట్రకూటులు దక్కనును ఆక్రమించారు. ఆ మార్పులో ఈ కొమ్మ చాళుక్యులు రాష్ట్రకూటుల పక్షాన నిలిచారు. పేరుకు చాళుక్యులే గాని, వారి ప్రభువులు చాళుక్యుల శత్రువులు. ఈ విరోధాభాసం వంశం చివరి వరకు ఉన్నది. మొదటి ప్రముఖుడు వినయాదిత్య యుద్ధమల్లుడు. ఆయన బోదనలో నూనెతో నింపిన బావులలో తన ఏనుగులకు స్నానం చేయించాడని ప్రశస్తులు చెబుతాయి. ఆయన కుమారుడు మొదటి అరికేసరి, రాష్ట్రకూట ధ్రువుని కాలంలో వేంగి, త్రికళింగాలపై జరిగిన దండయాత్రలో పాల్గొన్నాడని పంపడు వ్రాశాడు. తరువాత మొదటి నరసింహుడు, రెండవ యుద్ధమల్లుడు వచ్చారు. వారి గూర్చి పేర్లకు మించి చెప్పుకొనదగినది తక్కువ.

రెండవ యుద్ధమల్లుని కుమారుడు బద్దెగుడు. నలభైరెండు యుద్ధాలలో ఓడనివాడని అతనికి ‘సోలదగండ’ అను బిరుదు. సోలద అంటే కన్నడంలో ఓడని అని అర్థం. వేములవాడలో అతని పేరిట బద్దెగేశ్వరం అను ఆలయం ఉండినది. నేటి భీమేశ్వరాలయం అదేనని చరిత్రకారుల అభిప్రాయం. అతని తరువాత మూడవ యుద్ధమల్లుడు, ఆ తరువాత రెండవ నరసింహుడు పాలించారు. రాష్ట్రకూట మూడవ ఇంద్రుడు ఉత్తరదేశంపై దండెత్తి కనౌజును పట్టినప్పుడు ఈ నరసింహుడు సేనతో వెళ్లాడు. ఘూర్జర ప్రతీహార రాజు మహీపాలుని తరిమి, గంగా సంగమంలో తన గుర్రాలకు స్నానం చేయించాడని పంపడు చెబుతాడు. మానేరు తీరపు సామంతుడు చక్రవర్తి కొరకు గంగ వరకు నడిచాడన్నమాట.

రెండవ నరసింహుని కుమారుడు రెండవ అరికేసరి. అతని కాలం సుమారు 930 నుండి 955 వరకు. ఈ వంశం ఔన్నత్యం అందుకొన్నది ఇప్పుడే. అతడు రాష్ట్రకూట రాజకుమార్తె రేవకనిర్మడిని వివాహమాడాడు. రాష్ట్రకూట నాలుగవ గోవిందునికి ఎదురు తిరిగి, శరణు జొచ్చిన విజయాదిత్యునికి అభయమిచ్చి, చివరకు గోవిందుని స్థానంలో మూడవ అమోఘవర్షుని చక్రవర్తిని చేయుటలో ముఖ్యపాత్ర వహించాడు. సామంతుడు చక్రవర్తిని మార్చిన సందర్భం ఇది.

అతని తరువాత వాగరాజు, రెండవ బద్దెగుడు కనబడతారు. వీరిద్దరూ అన్నదమ్ములని సాధారణాభిప్రాయం. రెండవ బద్దెగుని కుమారుడు మూడవ అరికేసరి 966లో తామ్రశాసనం వేయించాడు. ఆ తరువాత ఈ వంశపు గొంతు వినబడదు. 973లో రెండవ తైలపుడు రాష్ట్రకూటులను కూలద్రోసి కళ్యాణి చాళుక్య రాజ్యాన్ని స్థాపించాడు. చెట్టు కూలినప్పుడు దానిని అల్లుకొన్న తీగ కూడ నేలపాలైనది. ఆ చెట్టును కూల్చినవాడు చాళుక్య నామధారి కావడం ఈ చరిత్రలోని మరొక విరోధాభాసం.

3. ప్రశస్తిని చదువవలసిన తీరు

పై వంశక్రమంలో ఎక్కువ భాగం రాజులు తమ గూర్చి తాము చెప్పించుకొన్నదే. ఆ మాటను ఎంతవరకు నమ్మాలి? బద్దెగుని ఉదాహరణ చూద్దాం. అతడు భీముడను రాజును నీటిలోని మొసలిని పట్టినట్లు పట్టుకొన్నాడని ప్రశస్తి. ఈ భీముడు వేంగిని పాలించిన తూర్పు చాళుక్య మొదటి భీముడని చరిత్రకారులు నిర్ణయించారు. వేములవాడ పక్షపు సాక్ష్యం ఒక్కటే మిగిలి ఉంటే, వేంగి కథ అంతటితో ముగిసిందని మనం తలచేవారము. కాని వేంగి శాసనాలు కూడ మిగిలాయి. వాటి ప్రకారం భీముడు రాష్ట్రకూట సేనలను వెళ్లగొట్టి, మొత్తం ముప్పై ఏండ్లు పాలించాడు. ఒక పక్షం పట్టుకొన్నామన్నది, మరొక పక్షం తరిమివేశామన్నది. రెండూ పూర్తిగా అబద్ధాలు కానవసరం లేదు. ఎవరి శాసనం వారి విజయం వద్ద ఆగిపోయింది.

వేదాంత విద్యార్థులకు ఈ సమస్య క్రొత్తది కాదు. 2 రాజులు 3వ అధ్యాయంలో మోయాబు రాజైన మేషా ఇశ్రాయేలుపై తిరుగుబాటు చేసిన వృత్తాంతం ఉన్నది. అదే మేషా తన శిలపై ఒమ్రీ వంశపు అణచివేత నుండి విడిపించుకొన్నానని, తన విజయాలను తన దేవుడైన కెమోషుకు ఆరోపిస్తూ చెక్కించుకొన్నాడు. రెండు సాక్ష్యాలను ప్రక్కప్రక్కన ఉంచి చదవడం మనం తరగతిలో నేర్చుకొంటాము. అదే క్రమశిక్షణ బద్దెగుని విషయంలోనూ అవసరం.

పంపని కావ్యం ఇంకొక మెట్టు పైకి వెళ్తుంది. ‘విక్రమార్జున విజయం’ మహాభారత కథ. అందులో కవి తన ప్రభువైన అరికేసరిని అర్జునునితో ఏకం చేశాడు. ఆ పోలిక నిలుచుటకు కథనే మార్చాడు. ద్రౌపది అయిదుగురికి గాక అర్జునునికి మాత్రమే భార్య. యుద్ధం ముగిసిన తరువాత పట్టాభిషేకం ధర్మరాజునకు గాక అర్జునునికి, సుభద్రతో కలిపి జరుగుతుంది. కావ్యంగా దాని ఘనతను ఎవరూ కాదనరు. కాని చరిత్రకు ఆధారంగా తీసుకొనేటప్పుడు, కావ్యంలో ఏది పోలిక, ఏది సంఘటన అని వేరు చేసుకొనవలసి ఉన్నది. గంగా సంగమంలో గుర్రాల స్నానం పోలిక కాదు, ఎందుకంటే మూడవ ఇంద్రుని ఉత్తరదేశ దండయాత్రకు వేరే ఆధారాలు కూడ ఉన్నాయి. నూనె బావులలో ఏనుగుల స్నానం మాత్రం ఐశ్వర్యాన్ని చెప్పే అలంకారమని మా అభిప్రాయం.

4. రాజును గూర్చి వ్రాసిన మునులు

చిన్న రాజులు మనకు తెలియుటకు మరొక కారణం, వారి ప్రక్కన వ్రాయగలిగిన మతాచార్యుడు ఉండటం. ఇది మన దేశానికే పరిమితం కాదు. బ్రిటన్ పడమటి భాగమైన వేల్స్‌లో ఆరు నుండి తొమ్మిదవ శతాబ్దుల వరకు గ్వినెడ్, పోవిస్, డైఫెడ్ వంటి చిన్న రాజ్యాలు ఉండేవి. ఆరవ శతాబ్దిలో గిల్డాస్ అను క్రైస్తవ సన్యాసి తన కాలపు అయిదుగురు రాజులను పేరుపేరున పిలిచి, వారి పాపాలను లేఖనాలతో ఖండించాడు. ఆ ఖండన లేకపోతే వారిలో కొందరి పేర్లు కూడ నేడు మిగిలేవి కావేమో. తొమ్మిదవ శతాబ్ది చివర, 893లో, అసర్ అను వేల్స్ మతగురువు ఆంగ్ల రాజైన ఆల్ఫ్రెడ్ జీవితచరిత్ర వ్రాస్తూ, వేల్స్ చిన్న రాజులు ఒక్కొక్కరు ఎందుకు ఆల్ఫ్రెడ్ రక్షణ కోరారో చెప్పాడు. డైఫెడ్ రాజు హవైద్ తమ మఠాన్ని పలుమార్లు దోచుకొన్నాడని కూడ ఆయన దాచలేదు. మతగురువు కలానికి తన మఠం గాయం తెలుసు.

వేములవాడలో ఆ స్థానం జైనాచార్యుడైన సోమదేవసూరిది. ఆయన ‘యశస్తిలక చంపువు’ను 959లో గంగాధరలో పూర్తి చేశాడు. ఆ సమయాన చక్రవర్తి మూడవ కృష్ణుడు దక్షిణాన మేల్పాడిలో విడిది చేసి ఉన్నాడనీ, తాను అరికేసరి కుమారుడైన వాగరాజు ఏలుబడిలో ఉన్నాననీ గ్రంథాంతంలో చెప్పుకొన్నాడు. చక్రవర్తి ఎక్కడ, తన ప్రభువు ఎవరు, తాను ఎక్కడ అను మూడు విషయాలూ ఆ చివరి మాటలలో ఉన్నాయి. ఒక సామంత రాజ్యపు స్థితిని ఇంత పొందికగా చెప్పిన వాక్యం అరుదు.

ఆ కావ్యపు కథ గమనింపదగినది. యశోధరుడను రాజు తల్లి ఒత్తిడికి లోబడి, ప్రాణియైన కోడికి బదులు పిండితో చేసిన కోడిని బలి ఇస్తాడు. ఆ సంకల్ప హింస కొరకే తల్లీ కొడుకులు జన్మజన్మల బాధ అనుభవిస్తారు. యుద్ధాలే వృత్తిగా ఉన్న రాజకుటుంబపు నీడలో కూర్చొని, మనసులోని హింసకు కూడ లెక్క ఉన్నదని ఒక ముని వ్రాశాడు. గిల్డాస్ వలె ఆయన రాజును పేరు పెట్టి నిందించలేదు. మరొక రాజు కథ చెప్పాడు. నాతాను దావీదుకు గొఱ్ఱెపిల్ల కథ చెప్పిన తీరును చదివినవారికి ఈ పద్ధతి పరిచితమే. సోమదేవుడు వేములవాడ రాజునే ఉద్దేశించాడని మేము చెప్పడం లేదు. రాజు ఇచ్చిన ఆశ్రయం ఆ బోధను ఆపలేదని మాత్రం చెప్పగలము.

ఆశ్రయం నిజంగానే గొప్పది. రెండవ బద్దెగుడు సోమదేవుని కొరకు వేములవాడలో శుభధామ జినాలయం కట్టించాడు. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ఆ జినాలయపు మరమ్మతులకు, పూజకు మూడవ అరికేసరి ఒక గ్రామాన్ని దానం చేసిన పత్రం. శివుని పేరిట ఆలయం కట్టిన వంశమే జైనాచార్యునికి జినాలయం కట్టింది. బద్దెగుని నలభైరెండు యుద్ధాలలో అనేకం ఎక్కడ జరిగాయో మనకు తెలియదు. వంశపు చివరి రాజు మనకు తెలిసినది మాత్రం ఈ దానపత్రం మూలాన.

5. కురిక్యాల గుట్ట

ఇప్పుడు ఈ వంశ చరిత్రలో తెలుగువారికి అత్యంత సమీపమైన సాక్ష్యానికి వస్తాము. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అను గ్రామం ఉన్నది. దాని సమీపంలోని గుట్టను ఊరివారు బొమ్మలమ్మ గుట్ట అంటారు. శాసనంలో దాని పేరు వృషభగిరి. పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో ఈ గుట్టపై చక్రేశ్వరీ దేవి, తీర్థంకరుల ప్రతిమలను చెక్కించి, క్రింద శాసనం వేయించాడు. కాలక్రమంలో జైనులు ఈ ప్రాంతం నుండి కనుమరుగయ్యారు. చక్రేశ్వరి ‘బొమ్మలమ్మ’ అయినది. పేరు మారినా మ్రొక్కు నిలిచినది, మ్రొక్కు నిలిచినందున బొమ్మ నిలిచినది.

ఆ శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు అను మూడు భాషలలో ఉన్నది. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలు ఉన్నాయి. రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొన్నది పదకొండవ శతాబ్దిలో. అంతకు సుమారు నూరేండ్ల ముందే తెలంగాణ గుట్టపై కందం చెక్కబడి ఉన్నదన్నమాట. పంపని పూర్వులు వేంగినాటి బ్రాహ్మణులు, తండ్రి భీమపయ్య జైనమతం స్వీకరించినవాడు, తల్లి అబ్బణబ్బె. కావ్యం వ్రాసినందుకు అరికేసరి పంపనికి ధర్మపురమను అగ్రహారం ఇచ్చిన సంగతిని కూడ ఈ శాసనం చెబుతుంది. వేంగి మూలాలు గల కుటుంబం, కన్నడ కావ్యం, తెలుగు పద్యం, సంస్కృత శ్లోకం అన్నీ ఒకే గుట్టపై కలిశాయి. భాషలు నేటివలె సరిహద్దులు గీసుకొనని కాలం అది.

2008లో తెలుగునకు ప్రాచీన భాష హోదా వచ్చినది. భాష ప్రాచీనతను నిరూపించే చర్చలో ఈ శాసనం ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. అయితే ఆ సంవత్సరాలలోనే గ్రానైట్ తవ్వకాల వలన ఈ గుట్టకు ముప్పు ఏర్పడి, భాషాభిమానులు, చరిత్రకారులు ఆందోళన చేయవలసి వచ్చినది. వెయ్యేండ్లు ఎండకు, వానకు నిలిచిన అక్షరాలు కొన్ని వారాల పేలుడు పనికి నిలువలేవు.

ఈ ప్రమాదం ఎంత వాస్తవమో రెండు ఉదాహరణలు చెబుతాయి. పోవిస్ రాజు కింగెన్ తొమ్మిదవ శతాబ్దిలో తన ముత్తాత ఎలిసెగ్ పేరిట ఒక రాతి శిలువ స్తంభం నిలిపి, ఆంగ్లేయుల నుండి రాజ్యాన్ని తిరిగి గెలిచిన వృత్తాంతాన్ని లాటిన్‌లో చెక్కించాడు. నేడు ఆ రాయి ఉన్నది, అక్షరాలు లేవు. 1696లో ఎడ్వర్డ్ లూయిడ్ అను పండితుడు మిగిలిన పంక్తులను చూచి వ్రాసుకొన్నందున మాత్రమే అందులోని విషయం మనకు తెలుసు. మేషా శిలను 1868లో ఎఫ్.ఎ. క్లైన్ అను మిషనరీ చూచాడు. మరుసటి సంవత్సరం అది ముక్కలు చేయబడినది. అంతకు ముందే కాగితంపై తీసిన అచ్చు ఒకటి ఉన్నందున, ముక్కలను కూర్చి పాఠాన్ని చాలవరకు తిరిగి నిలుపగలిగారు. రెండు చోట్లా రాజు చెక్కించినది రాతిపై. దానిని మనకు అందించినది ఒకరు సమయానికి తీసుకొన్న నకలు.

6. తరువాతి చిన్న రాజులు

వేములవాడ చాళుక్యులతో ఈ ప్రాంతపు చిన్న రాజుల చరిత్ర ముగియలేదు. కాకతీయుల అనంతరం, గోల్కొండ, ఆసఫ్‌జాహీల కాలాలలో దోమకొండ సంస్థానం ఇక్కడ ప్రముఖమైనది. దానిని పాలించినది కామినేని వంశం. కామారెడ్డి పేరు ఆ వంశీయుని పేరేనని ప్రతీతి. ఆ వంశపు మల్లారెడ్డి ‘షట్చక్రవర్తి చరిత్ర’ అను తెలుగు కావ్యం రచించాడు. ఆరుగురు చక్రవర్తుల కథను ఒక సంస్థానాధీశుడు వ్రాశాడు. అరికేసరిని పంపడు అర్జునునిగా చూపించాడు, మల్లారెడ్డి తానే కలం పట్టాడు. దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించినది. ఎల్లారెడ్డికి వాయవ్యంగా, జుక్కల్ మండలంలోని కౌలాస్ కోట మరొకటి. అక్కడి రాజా దీప్‌సింగ్ 1857 తిరుగుబాటు కాలంలో ఆంగ్లేయ వ్యతిరేక ప్రయత్నాలతో సంబంధం ఉన్నందున శిక్ష అనుభవించాడు. ఈ రెండు సంస్థానాల చరిత్ర వేరొక వ్యాసానికి తగిన విషయం.

ముగింపు

ఈ పరిశీలన నుండి మూడు సంగతులు తేలుతున్నవి. మొదటిది, చిన్న రాజు తన గూర్చి తాను చెప్పుకొన్న మాటను ఎదుటి పక్షపు మాటతో సరిచూడకుండ చరిత్రగా చెప్పరాదు. గ్రామ చరిత్రను, సంఘ చరిత్రను వ్రాసేటప్పుడు కూడ ఇదే నియమం వర్తిస్తుంది. వార్షికోత్సవ సంచికలలో స్థాపకుల గూర్చి వ్రాసే మాటలు ప్రశస్తి వంటివే. రెండవది, రాజ్యాలు పోయినా దానపత్రం, పద్యం, గ్రంథాంతంలోని చివరి మాట నిలిచాయి. మూడవది, నిలిచినది కూడ తనంతట తాను నిలువదు. ఎవరైనా చదివి, నకలు తీసి, కాపాడవలసి ఉన్నది.

మన విద్యార్థులు వారాంతపు పరిచర్యకు ఈ ప్రాంతపు గ్రామాలకు వెళ్తారు. చెరువు కట్ట మీద, పాత గుడి ముంగిట, ఊరి బొడ్రాయి ప్రక్కన అక్షరాలున్న రాయి కనబడితే దానిపై సున్నం గాని రంగు గాని పూయనీయకండి. ప్రక్క నుండి వెలుతురు పడే వేళ ఫోటో తీసి, ఊరి పేరు, చోటు వ్రాసుకొని పురావస్తు శాఖవారికి తెలియజేయండి. ఆ రాయి ఏ మతానిదని ఆలోచింపనక్కరలేదు. మేషా శిలను చూచిన మిషనరీ అది కెమోషును స్తుతించే రాయి అని వదలివేయలేదు. అలాగే మీ సంఘంలోని పాత బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను తెరచి చూడండి. చెదలు పట్టకముందే వాటికి నకలు తీయండి. అందులో రాజుల పేర్లు ఉండవు. ఏ ప్రశస్తిలోనూ చోటు దొరకని కూలీల, వెట్టివారి, విధవరాండ్ర పేర్లు ఉంటాయి. చాలామందికి ఈ లోకంలో తమ పేరు వ్రాయబడిన ఒకే చోటు అదే.